డూకుగాడికి వచ్చిన భాష

ఛత్తీస్‌గఢ్‌లో దుర్గ్ నుంచి ఉతై వెళ్ళే దారిలో, ఊరు ఇంకా మొదలవకముందే ఒక పొడుగాటి గోడ వస్తుంది. పొద్దున్నే అటువైపు వెళ్ళినవాళ్ళకి గోడ వెనక నుంచి కుక్కల అరుపులు వినిపిస్తాయి, వాటితోపాటు అన్నం ఉడుకుతున్న కమ్మటి వాసన కూడా వస్తుంది. అక్కడ పోలీసు జాగిలాలకి చదువు చెబుతారు. బస్తర్ అడవుల్లో రోడ్ల కింద పాతిపెట్టిన మందుపాతరలని వాసన పట్టడమే ఆ చదువు. చదువు చెప్పే పంతుళ్ళు వేరే ఉన్నారు. వేళకి అన్నం పెట్టేది మాత్రం జోగమ్మ.

ఊళ్ళో ఆవిణ్ణి కుక్కల జోగమ్మ అంటారు. ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో నాకు తెలియదు, తెలిస్తే నాలుగు దులిపేదాన్నే. కొడుకు లక్ష్మీప్రసాద్‌కి ఆ పేరంటే ఒళ్ళు మంట. అతని అత్తవారు భిలాయి నెహ్రూ నగర్‌లో కాస్త ఉన్నవాళ్ళు. మీ అమ్మగారు ఏం చేస్తున్నారని వాళ్ళు అడిగితే "పోలీస్ డిపార్ట్‌మెంట్‌లో ఉంది" అని చెప్పి మాట మార్చేసేవాడు. జోగమ్మ అది విని పడీపడీ నవ్వింది. "అబద్ధమేటి సెప్పినాడు? నాను పోలీసుల కూడే కదా వొండుతున్నాను" అంది.

జోగమ్మది పాలకొండ దగ్గర పల్లె. పెళ్ళయిన కొత్తలో భర్త నరసింగరావు వెంట భిలాయి స్టేషన్లో దిగినప్పుడు చీకటి పడుతోంది. ఒకవైపు ఆకాశమంతా ఎర్రగా ఉండటం చూసి ఊరు తగలబడిపోతోందనుకుని ట్రంకుపెట్టె మీద కూర్చుని ఏడ్చేసింది. "ఓసి పిచ్చిదానా, అది మా కొలిమి. మన కూడు ఉడికేది అక్కడే" అన్నాడు నరసింగరావు. అతను కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసేవాడు. సెక్టర్ 6లో రెండు గదుల క్వార్టరు. షిఫ్టు మారే వేళకి వీధి వీధంతా సైకిళ్ళే.

స్టీలు ప్లాంటు ఊళ్ళో సంసారం చేసిన ఆడవాళ్ళందరికీ ఒక విద్య వస్తుంది. రాత్రి షిఫ్టు చేసొచ్చిన మొగుడు పట్టపగలు పడుకుంటాడు. అతనికి నిద్ర చెడకూడదు, పక్క గదిలో పిల్లలకి అన్నాలు పెట్టాలి, గొడవ చేస్తే అదుపు చెయ్యాలి. కసిరితే మొగుడు లేస్తాడు, ఊరుకుంటే పిల్లలు కొంప పీకి పందిరి వేస్తారు. అందుకని వాళ్ళు గొంతు పైకి లేపకుండా, కింద కిందనే మాట్లాడి పిల్లల్ని కూర్చోబెట్టడం నేర్చుకున్నారు. జోగమ్మకి ఆ విద్యలో వంక పెట్టేవాళ్ళు లేరు. కంచాల ముందు పిల్లలని వరసగా చేర్చి "కూకో" అనేది. అందరికీ వడ్డన పూర్తయ్యేదాకా ఎవరూ ముద్ద ముట్టకూడదు. చెయ్యి చాపినవాడికి "ఒగ్గీ" అని ఒకే మాట, వదిలెయ్యమని. చివరికి "తిను బావూ" అనేది. ఈ మూడు మాటలూ గోడకి అవతల పడుకున్న మనిషికి వినిపించేవి కావు. పిల్లలకి మాత్రం వినిపించేవి.

నరసింగరావు పోయాక క్వార్టరు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. కొడుకు తన దగ్గరకి రమ్మన్నాడు. జోగమ్మకి కోడలి వంటింట్లో చేతులు ముడుచుకు కూర్చోవడం నచ్చలేదు. ఉతైలో చిన్న ఇల్లు చూసుకుని, జాగిలాల కేంద్రంలో వంటకి మనిషి కావాలంటే వెళ్ళి చేరింది. మొదటి రోజే ఆ కుక్కలు తిండిని మింగుతున్న తీరు చూసి నొచ్చుకుంది. "కూడుకి మర్యాద ఒద్దేటి?" అనుకుని, తన పద్ధతి తాను మొదలుపెట్టింది. మిగతా జాగిలాలకి వాటి వాటి సిపాయిలు ఉన్నారు, గిన్నె పట్టుకెళ్ళి వాళ్ళే పెట్టుకునేవాళ్ళు. అందుకని ఆవిడ పద్ధతి వాటి మీద పెద్దగా సాగలేదు.

సాగింది ఒక్క డ్యూక్ మీదే.

డ్యూక్ నల్ల మూతి, గోధుమరంగు ఒళ్ళు ఉన్న విదేశీ జాతి కుక్క. జోగమ్మ నోట్లో వాడు డూకు అయ్యాడు, ముద్దొస్తే డూకుగాడు. వాడికి ఇచ్చిన సిపాయి సూర్యప్రకాష్ భిలాయిలో పుట్టిన తెలుగు కుర్రాడే. శిక్షణ ఇంకా అక్షరాభ్యాసం దగ్గరుండగానే మోటార్‌సైకిల్ మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఒక జాగిలానికి ఒకే మనిషి అన్నది అక్కడి కట్టుబాటు. కొత్త మనిషి వచ్చేదాకా డూకుగాడు ఎవరికీ చెందనివాడై, అన్నం మానేసి బోనులో మూల పడి ఉన్నాడు. వానాకాలమంతా కొత్త మనిషి రానేలేదు.

జోగమ్మ చూస్తూ ఊరుకునే మనిషి కాదు. గిన్నె తీసుకెళ్ళి బోను ముందు పీట వేసుకుని కూర్చునేది. మొదట్లో వాడు మొహం కూడా తిప్పలేదు. ఆవిడ తన కష్టసుఖాలన్నీ వాడికి చెప్పుకునేది. కోడలి మీద చాడీలు చెప్పేది, నరసింగరావుని తిట్టుకునేది, తిట్టాక కళ్ళు తుడుచుకునేది. ఒకరోజు వాడు లేచి వచ్చి గిన్నె ముందు నిలబడ్డాడు. "కూకో" అంది ఆవిడ. వాడికి అర్థం కాలేదు. చేత్తో నడుం మీద మెల్లగా నొక్కి కూర్చోబెట్టింది. గిన్నెలో మూతి పెట్టబోతే "ఒగ్గీ" అంది. వాడు ఆగాడు. "తిను బావూ" అంది. అప్పుడు తిన్నాడు. ఆ వానాకాలం అయ్యేసరికి డూకుగాడు సెక్టర్ 6లో పెరిగిన పిల్లల్లో ఒకడైపోయాడు. తాను చేస్తున్నదేమిటో జోగమ్మకి అప్పుడు తెలియదు. ఆకలితో ఉన్నవాడికి అన్నం పెడుతున్నాననే అనుకుంది.

వానలు తగ్గాక సోమారు నేతాం వచ్చాడు. నారాయణపూర్ వైపు అడవిలోని ఒక గోండు పల్లె అతనిది. సన్నగా, నల్లగా, పది మాటలు అడిగితే ఒకటి చెప్పే కుర్రాడు. కావాలని అడిగి మరీ జాగిలం పనికి వచ్చాడు. రెండేళ్ళుగా బస్తర్‌లో తుపాకుల చప్పుడు తగ్గింది. నక్సలైట్లలో పెద్ద పెద్దవాళ్ళే ఆయుధాలు దించేసి బయటికి వస్తున్నారు. కానీ ఏళ్ళ కిందట పాతిపెట్టినవి దించేసేవాళ్ళు ఎవరు? పాతినవాడు పోయాడు, ఎక్కడ పాతాడో చెప్పేవాడూ పోయాడు, పాతరలు మాత్రం రోడ్డు కింద అలాగే ఉన్నాయి. దేశభద్రత గురించి టీవీలో కోట్లు తొడుక్కున్నవాళ్ళు అరుచుకుంటుంటే మనం ఛానెల్ మార్చేస్తాం. సోమారుకి ఆ మాటకి అర్థం ఒకటే. సంతకి వెళ్ళిన వాళ్ళమ్మ రెండు కాళ్ళతో ఇంటికి తిరిగి రావాలి. భిలాయి వాళ్ళకి కూడా ఇదేమీ దూరపు సంగతి కాదు. ఆ కొండల నుంచి ఇనుము తీసే ఎర్రమన్ను రాకపోతే ఇక్కడి కొలిమి మండదు. "అక్కడ బాంబు పేలితే ఇక్కడ బట్టీకి పస్తు" అని నరసింగరావు తరచూ అనేవాడు.

సోమారు, డ్యూక్ జంట మొదటి వారంలోనే అందరినీ ముక్కున వేలేసుకునేలా చేసింది. వాసన పట్టడంలో వాడిని మించిన జాగిలం ఆ గుంపులో లేదు. మట్టిలో ఎంత లోతున దాచినా సూటిగా అక్కడికే వెళ్ళేవాడు. చిక్కంతా ఆ తరవాతే. వాసన తగిలిన చోట జాగిలం చప్పుడు చెయ్యకుండా కూర్చోవాలి. పంజాతో గీకకూడదు. గీకితే పాతర పేలుతుంది, కుక్కా పోతుంది, వెనకున్న మనిషీ పోతాడు. "బైఠ్!" అని సోమారు హిందీలో అరిచేవాడు, కూర్చోమని. డూకుగాడు తల తిప్పి చూసేవాడు, మళ్ళీ గీకేవాడు. "రుక్!" అని ఆగమంటే తోక ముడిచి ఇంకా కంగారుపడి గీకేవాడు.

శిక్షణాధికారి ఇన్‌స్పెక్టర్ వాసుదేవరావు. ఆయన కూడా సెక్టర్ 6 పిల్లాడే, ఇంజనీరుగారి అబ్బాయి. ఇంట్లో తెలుగు, బయట హిందీ మాట్లాడుతూ పెరిగి, చివరికి రెండూ కలిపేసి మాట్లాడే మనిషి. మంచివాడే, కానీ పనిలో మొహమాటం లేదు. కుక్కకి చెవుడేమోనని డాక్టరుకి చూపించాడు. చెవులు శుభ్రంగా ఉన్నాయన్నారు. నెలలు గడిచాయి. చివరి పరీక్ష దగ్గర పడింది. ఒకరోజు సోమారుని పిలిచి "దీన్ని రిజెక్ట్ రాయక తప్పదు" అనేశాడు. డ్యూక్ లేకపోతే సోమారుకి ఇంకో జాగిలం రావడానికి మళ్ళీ ఏడాది పడుతుంది. ఈలోగా అతను తన పోలీసు దళంతోపాటు వట్టి చేతులతో ఆ రోడ్ల మీదే ముందు నడవాలి.

ఈ సంగతి వంటశాల దాకా వచ్చింది. జోగమ్మ గరిటె పక్కన పెట్టి మైదానం వైపు నడిచింది. అప్పటిదాకా ఆవిడ శిక్షణ జరిగే చోటికి ఎన్నడూ వెళ్ళలేదు, వంటమనిషికి అక్కడేం పనని. కంచె దగ్గరికి చేరేసరికి డూకుగాడు మట్టిని రెండు కాళ్ళతో ఎగజిమ్ముతున్నాడు. సోమారు అరుస్తున్నాడు, వాసుదేవరావు ఇంకా గట్టిగా అరుస్తున్నాడు. వాడు చెవులు వెనక్కి పెట్టి, బెదిరిపోయి, ఏం చెయ్యాలో తెలియక గీకుతూనే ఉన్నాడు. నిద్రపోతున్న తండ్రి లేచి కసిరితే పిల్లలు పెట్టే మొహం అది. జోగమ్మకి ఆ మొహం బాగా తెలుసు.

"ఒగ్గీ" అంది కంచె ఇవతల నుంచి. గొంతు లేపలేదు.

డూకుగాడి కాళ్ళు ఆగిపోయాయి.

"కూకో."

వాడు బుద్ధిగా కూర్చున్నాడు. కూర్చుని, అన్నం ఎక్కడుందా అని ఇటు చూశాడు. మైదానంలో అరుపులన్నీ ఒక్కసారిగా ఆగాయి. అందరూ జోగమ్మ వైపు తిరిగారు. ఆవిడకి సంతోషం కలగలేదు. ఆ కుక్కకి వేరే మాట ఎక్కకుండా చేసింది తానేనని అప్పుడు అర్థమైంది. తన నోటి మాటవల్ల ఈ కుర్రాడి ప్రాణం రోడ్డు మీద పోతుందా అని భయపడింది.

వాసుదేవరావు కంచె దాకా వచ్చాడు. "జోగమ్మగారూ, మీరు దీనికి తెలుగు నేర్పించారా?"

"నేర్పినానని నాకేటి తెల్దు బాబూ! కూడు పెట్టేటప్పుడు పిల్లలకి సెప్పినట్టే సెప్పినాను."

"పిల్లలకా? ఇది సర్కారీ జాగిలమండీ! దీనికి బుక్కులో రాసిన కమాండ్లున్నాయి."

"తప్పైపోనాది బాబూ. నన్ను పన్లోంచి తీసీండి. దాన్ని మాత్రం రిజెక్టు సెయ్యకండి. ఆ గుంటడేటి సేసినాడు పాపం?"

"మిమ్మల్ని తీసేస్తే దానికి హిందీ వచ్చేస్తుందా?" అన్నాడు వాసుదేవరావు విసుగ్గా. ఆయన కోపంలోనూ న్యాయం ఉంది. తిండితోపాటు పట్టుబడిన మాట చెరిపి కొత్త మాట నాటాలంటే మళ్ళీ నెలలు కావాలి. అన్ని నెలలు ఆయన చేతిలో లేవు.

అంతవరకు పక్కన నిలబడి ఉన్న సోమారు అప్పుడు నోరు విప్పాడు. "సాబ్, వాడికి నా భాష రాకపోతే వాడి భాష నేను నేర్చుకుంటాను. నాకు గోండీ వచ్చు, హల్బీ వచ్చు, ఛత్తీస్‌గఢీ, హిందీ వచ్చు. ఇంకొకటి బరువా?"

"నీకేమైనా అయితే? ఇంకొకడు పట్టుకోవాలి కదా దాన్ని. వాడికి తెలుగు ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"రెండు మూడు మాటలే కదా సాబ్. మా దళమంతటికీ నేర్పిస్తాను."

ఆఖరికి వాసుదేవరావు, పరీక్ష రోజు దాకా చూస్తానని, ఆ రోజు తేలకపోతే తనని ఏమీ అనుకోవద్దని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచీ వంటశాల బడి అయింది. ఇద్దరూ మాట్లాడుకునేది భిలాయిలో ఇన్నేళ్ళుగా జోగమ్మకి పట్టుబడిన హిందీలోనే. సోమారు ఆ మూడు తెలుగు మాటలూ పట్టేశాడు. అవి పట్టడం అతనికి కష్టమే కాలేదు. "రెండు, మూడు, నాలుగు" అని ఆవిడ గిన్నెలు లెక్కపెడుతుంటే విని నవ్వాడు. వాళ్ళ గోండీలో "రెండ్, మూంద్, నాలుంగ్" అంటారట. "ఓలమ్మా, అయితే మనం సుట్టాలమే!" అని జోగమ్మ మురిసిపోయింది. అయినా డూకుగాడు అతని మాట వినలేదు. అతను "కూకో" అన్నప్పుడల్లా చెవులు వెనక్కి వాల్చి నేలకి అంటుకుపోయేవాడు. మాట అదే, గొంతు మాత్రం కాదు. సోమారు ఆ మాటని రాయి విసిరినట్టు విసురుతున్నాడు.

"అలా కాదు బావూ. ఆడేటి దొంగోడా? అంత కర్కసంగా అంటే ఎవుడు కూకుంటాడు?"

సోమారు తల వంచుకున్నాడు. మెల్లగా అన్నాడు. "దాయీ, నేనీ భాష ఇదివరకు విన్నాను."

ఛత్తీస్‌గఢ్‌లో పెద్ద ఆడవాళ్ళని దాయీ అంటారు. అమ్మా అన్నట్టే. అతను చిన్నతనంలో వాళ్ళ పల్లెకి తుపాకులతో దాదాలు, అంటే నక్సలైట్లు, వచ్చేవారు. పల్లెవాళ్ళతో గోండీలో మాట్లాడేవారు, తమలో తాము మాట్లాడుకునేటప్పుడు కొందరు ఈ భాషలో మాట్లాడుకునేవారు. ఆ మాట చెవిన పడగానే వాళ్ళమ్మ పిల్లలని లోపలికి లాగి తలుపు వేసేది. ఒకనాడు వాళ్ళు సోమారు అన్నని ఇన్‌ఫార్మర్ అని తీసుకుపోయారు. అతనికి ఏం శిక్ష వెయ్యాలో పల్లె అందరి ఎదుటా ఈ భాషలోనే మాట్లాడుకున్నారు. అమ్మకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అన్న తిరిగి రాలేదు. "ఈ మాటలు నా నోట్లోంచి వస్తుంటే నాకే భయమేస్తోంది దాయీ. నేను విన్నట్టే వస్తున్నాయి" అన్నాడు.

జోగమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఆవిడకి తన భాష అంటే పాలకొండ, తల్లి, నరసింగరావు, వీధిలో పిల్లలు. ఆ భాషతో ఒక తల్లిని భయపెట్టారా? ఆ తల్లి ఎదుటే ఆవిడ కొడుకు చావుని ఇదే భాషలో ఖాయం చేశారా? ఒళ్ళు మండిపోయింది ఆవిడకి. దుఃఖం కన్నా ముందు కోపం వచ్చింది. తన సొంత వస్తువు ఎవరో ఎత్తుకుపోయి, దానితో పక్కింటివాళ్ళ తల పగలగొట్టినంత కోపం.

"కూకో" అంది సోమారుతో.

అతను తెల్లబోయి చూశాడు.

"నిన్నే బావూ. కూకో." డూకుగాడి పక్కనే ఒక పీట వేసింది. కంచం పెట్టింది. అన్నం, పప్పు, గోంగూర వడ్డించింది. పప్పు కలుపుకోబోతుంటే "ఒగ్గీ" అంది. సోమారు చెయ్యి ఆగింది. డూకుగాడి గిన్నె కూడా నింపింది. వాడు ఒక కన్ను గిన్నె మీద, ఒక కన్ను సోమారు కంచం మీద వేసి కూర్చున్నాడు. "మా ఇంటాయన రాత్రి డూటీ సేసొచ్చి పక్క గదిలో తొంగున్నాడు అనుకో. నిద్దర సెడకూడదు. ఈ గుంటలకి కూడెట్టాలి. అప్పుడు మాటెలాగొస్తాదో సూడు" అని, గొంతు బాగా దించి, కొడుక్కి చెప్పినట్టు చెప్పింది. "తిను బావూ."

కుక్కా, మనిషీ ఒకేసారి తినడం మొదలుపెట్టారు. రెండు ముద్దలు తిన్నాక సోమారు కళ్ళలో నీళ్ళు వచ్చాయి. గోంగూర కారమని అబద్ధమాడాడు. జోగమ్మ నమ్మినట్టు నటించి మజ్జిగ పోసింది.

ఆ తరవాత పరీక్ష దాకా సోమారు భోజనం వంటశాలలోనే. మొదట ఆవిడ చెప్పేది, తరవాత అతను చెప్పేవాడు. గొంతు రోజురోజుకీ దిగింది. ఒకరోజు అతను "కూకో" అంటే డూకుగాడు చెవులు నిక్కపొడుచుకుని, తోక నేల మీద కొడుతూ కూర్చున్నాడు. "వొచ్చినాది బావూ, నీకు మా ఇంటి గొంతు వొచ్చినాది!" అని జోగమ్మ సంబరపడిపోయింది. ఇంకో సంగతి కూడా బయటపడింది. మిగతా సిపాయిలు పెద్దగా అరిస్తేగాని వినని జాగిలాలు ఉన్నాయి. డూకుగాడు గుసగుస అంత మాటకే వింటాడు. అరుపు వినబడకూడని చోట్లు అడవిలో చాలా ఉన్నాయని వాసుదేవరావే ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూ మీసం చాటున నవ్వాడు కూడా.

పరీక్షకి రాయ్‌పూర్ నుంచి పెద్ద అధికారులు వచ్చారు. జోగమ్మ కంచె దగ్గర నిలబడింది. పొయ్యి మీద అన్నం మాడిపోయినా సరే అనుకుంది, నిజంగానే మాడిపోయింది. వాసన పట్టడంలో డూకుగాడికి తిరుగులేదు. ఆఖరిది ఆపే పరీక్ష. వాడి ముందు నుంచి బంతి విసురుతారు, వాడు దాని వెంట పరుగెడతాడు, మధ్యలో మాటతో ఆపాలి. బంతి ఎగిరింది, డూకుగాడు బాణంలా దూసుకుపోయాడు. "ఒగ్గీ" అన్నాడు సోమారు. గొంతు కాస్త వణికింది. వాడు ఇంకా నాలుగు అంగలు వేశాడు. జోగమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, తన నోట్లోంచి మాట జారితే పరీక్ష చెల్లదని. డూకుగాడు ఆగాడు. వెనక్కి తిరిగి సోమారుని చూశాడు. కూర్చున్నాడు. ఆ అధికారుల్లో ఒకాయన ఇదేం భాష అని అడిగితే "మా సెక్టర్ 6 భాష సర్" అన్నాడు వాసుదేవరావు, ఛాతీ విరుచుకుని.

వాళ్ళిద్దరూ బస్తర్ వెళ్ళిపోయిన రోజున జోగమ్మ ఏడవలేదు. వ్యాను తలుపు వేసేదాకా డూకుగాడి మెడ నిమిరి, సోమారుకి ఆవకాయ సీసా ఇచ్చి, వేళకి తినమని ఇద్దరికీ కలిపి చెప్పింది. తరవాత టీవీలో నారాయణపూర్ పేరు వినబడినప్పుడల్లా చేతిలో పని ఆగిపోయేది. వార్త ముగిసేదాకా టీవీ ముందే నిలబడేది. సోమారు అప్పుడప్పుడు ఫోన్ చేసేవాడు. ఒక్కోసారి వారాలు గడిచినా చేసేవాడు కాదు.

ఎండాకాలం ఆరంభంలో ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. కుక్కల భోజనాలు అయిపోయి ఆవిడ గిన్నెలు తోముతోంది.

"దాయీ" అన్నాడు సోమారు. ఆ ఒక్క మాటలోనే ఏదో జరిగిందని తెలిసింది.

"ఏటైంది బావూ? బాగున్నావా? డూకుగాడేడీ?"

బాగున్నామన్నాడు, ఇద్దరూ బాగున్నామన్నాడు. తరవాత ఆగి ఆగి చెప్పాడు. ఆవేళ సంత రోజు. వెనక ట్రాక్టర్ నిండా జనం, ఆడవాళ్ళు, పిల్లలు, ఇప్పపూల గంపలు. ముందు దారి చూస్తూ వీళ్ళు నడుస్తున్నారు. వంతెన దగ్గర డూకుగాడు మట్టిలో మూతి పెట్టాడు. పంజా ఎత్తాడు. సోమారు ఒక్క మాట అన్నాడు, పెదాలు దాటీ దాటనంత మెల్లగా. వాడు పంజా దించకుండానే కూర్చుండిపోయాడు. బాంబులు తీసేవాళ్ళు వచ్చి తవ్వితే అడుగున చాలా పెద్దది, ఏళ్ళ నాటిది దొరికింది. దూరంగా తీసుకెళ్ళి పేల్చేస్తే కొండ కొండంతా అదిరింది. ట్రాక్టర్‌లో జనం సంతకి వెళ్ళిపోయారు.

జోగమ్మ గిన్నెల పక్కనే నేల మీద కూర్చుంది. తరవాత ఆవిడకి తోచిన మొదటి ప్రశ్న అడిగింది. "ఆడు తిన్నాడా?"

"అందుకే చేశాను దాయీ. తినడంలేదు. గిన్నె ముందు కూర్చున్నాడు. నేను చెబుతూనే ఉన్నాను, నా గొంతు ఇంకా వణుకుతోంది. వాడు నమ్మడంలేదు. వాడు తినందే మా వాళ్ళూ ముట్టరు. ఇక్కడ ఇప్పుడదే అలవాటైపోయింది. దళమంతా కంచాలు ముందు పెట్టుకుని కూర్చుంది. నువ్వొక్కసారి చెప్పవా?"

స్పీకర్ పెట్టినట్టున్నాడు, ఎక్కడో పిట్టలు అరవడం, ఎవరో దగ్గడం వినిపించాయి. జోగమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. పక్క గదిలో నరసింగరావు పడుకుని ఉన్నాడనుకుంది. గొంతు దించింది.

"తిను బావూ" అంది. ఒక్క క్షణం ఆగి, "అందరూ తినండి నాయనా" అంది.

ముందు గిన్నె కదిలిన చప్పుడు, తరవాత డూకుగాడు ఆబగా తింటున్న చప్పుడు వచ్చింది. దాని వెనకే కంచాల చప్పుడు వచ్చింది. ఆవిడ ఫోను పెట్టెయ్యలేదు. వాళ్ళ భోజనాలు అయ్యేదాకా అలాగే చెవికి ఆనించుకుని వింది.

తరవాత లేచి, తడిచేతులతోనే వాసుదేవరావు గదికి వెళ్ళింది. ఆయన ఎవరితోనో మాట్లాడుతున్నాడు. జోగమ్మ ఆగలేదు. ఆ గదిలోకి అడగకుండా వెళ్ళడం ఆవిడకి అదే మొదలు.

"బాబూ, ఆ అడివిలో మన బాస ఇంటే పిల్లల్ని లోనకి లాగీసీవోరంట తల్లులు. ఇప్పుడు నాను తిను అన్నానా, అక్కడ పోలీసోళ్ళందరూ కూడు తిన్నారు. నా సెవులారా ఇన్నాను."

వాసుదేవరావు లేచి నిలబడ్డాడు. తన కుర్చీ చూపించి, గొంతు దించి, వచ్చీరాని జోగమ్మ యాసలో "కూకోండమ్మా" అన్నాడు.

జోగమ్మ కూర్చుంది.